నాటిన తాయెత్తు

శేరిగూడ కాలేజీల బొమ్మల ప్రదర్శన పెట్టిన్రంటే బిడ్డనెత్తుకొని పోయిన. ఉగాండా నుంచి చదువుకోనీకి వచ్చి, తొమ్మిదేండ్లసంది ఈడ్నే ఉంటున్న నలుబెగ అనే ఆమె వేసిన బొమ్మలవి. మన ఇబ్రహీంపట్నం మట్టితోటే తన ఊరి అరటితోటను గీసిందని మా ఆడబిడ్డ చెప్పింది. మట్టితోటి ఆకుపచ్చ ఎట్లొస్తది? గదే చూద్దామని.

రాలే. ఆకులన్నీ ఎర్రగ, నల్లగ ఉన్నయి. అయినా జరసేపు చూస్తే పచ్చగనే అనిపించినయి. ఎట్లనో తెలుస్తలేదు. బిడ్డను కిందికి దించి, దగ్గరికి పోయి వాసన గూడ చూసిన.

వెనక్కి తిరిగేసరికి నా బిడ్డ మహేశ్వరి, నేల మీది మట్టికుప్ప దగ్గర కూసోనున్నది. ఎర్రమట్టి, నల్లమట్టి, చెరువు ఒండ్రు వరుసలు వరుసలుగ పోసి, నడుమ అరటిపిలక నాటిన్రు. పక్కన ‘ముట్టొద్దు’ అని అట్ట. పిల్లకు మోచేతుల దాక మట్టి. ఒడిల తెగిన మొలతాడు. దానికి తాయెత్తు లేదు.

నెలలు నిండక పుట్టిన పిల్ల. ఎండి రాలిన బొడ్డును రాగి తాయెత్తుల పెట్టి మా అత్త బుగ్గమ్మ కట్టింది. అది నడుముకున్నన్ని దినాలు పిల్లకేం కాదని ఆమె మాట. రెండేండ్లసంది నిద్రల గూడ దాన్ని తడుముకుంటనే ఉన్న.

"తాయెత్తు ఏది బిడ్డా?"

"నాటిన."

నిన్ననే నాయనమ్మతోటి చిక్కుడు గింజలు పెట్టింది మరి!

అట్ట లేదు గిట్ట లేదు, రెండు చేతులతోటి తవ్వుడు వెట్టిన. నలుబెగ ఉరికొచ్చింది.

"అక్కా, ఆగు! నెల పట్టింది నాకు అది పోసేటందుకు!"

"నా బిడ్డ బొడ్డుంది ఇందుల!"

ఆమె ఆగిపోయింది. "బొడ్డా? మీరు గూడ దాస్తరా?" అని నా పక్కన కూలబడి తానూ తవ్వబట్టింది. "మా అమ్మ నాది అరటిచెట్టు మొదట్ల పెట్టింది. ఈ బొమ్మలన్నీ ఆ చెట్టువే."

"ఉన్నదా ఆ చెట్టు?"

"లేదు. రోడ్డు పడ్డది."

నా చెయ్యి ఆగింది. "చెట్టు పోతే... నీకేం కాలేదా అక్కా?"

"అయింది. శేరిగూడ బిర్యానీ తిని ఇంత లావైన!"

నవ్వాల్నో వద్దో తెల్వలే. అప్పుడే పిలక వేర్ల కాడ ఆమె వేలుకు రాగి తగిలింది.

తెగిన మొలతాడు పనికి రాకుంటయింది. ఆమె పిలకకున్న ఎండిన పట్ట చీల్చి, నీళ్లల్ల తడిపి పేనింది. పూలు గట్టే నారనే.

"ఆగుతదా?"

"నువ్వే గుంజి చూడు."

గట్టిగ గుంజిన. తెగలే. తాయెత్తు గుచ్చి బిడ్డ నడుముకు కట్టిన.

కుప్ప ఇద్దరం సదిరినం గనీ వరుసలు మునుపటి తీరు రాలే. "ఉండనీ, ఇన్నాళ్లు నా బొమ్మ, ఇప్పుడు ఇది మీ ఊరి మట్టైంది," అన్నదామె.

బస్సుల ఇబ్రహీంపట్నం వచ్చేదాక నార రెండుసార్లే తడిమిన. ఇంకోనాడైతే గంత దారికే పదిసార్లు తడుముతుంటి.