నలభై మైక్రాన్లు

మా మరిదికి లెక్కలొచ్చు, లోహం రాదు. షెడ్డు వాడిది, పని నాది. ఆరు గంటలు కాలిస్తే ఇరవై మైక్రాన్ల క్రోమియం పొర వస్తోంది కదా, పన్నెండు గంటలకి నలభై వస్తుందని పంపుల కంపెనీవాళ్లకి రాసిచ్చేశాడు. కాకి లెక్కలు!

"అలా పెరగదు నాయనా" అన్నాను. పదిహేడేళ్లుగా ఈ ఫర్నేస్ దగ్గరే ఉన్నాను. ఉక్కు కడ్డీల్ని క్రోమియం పొడిలో కప్పెట్టి, పెట్టె మూత చుట్టూ మట్టి మెత్తి, ఎర్రగా కాలిస్తే క్రోమియం ఉక్కులోకి దిగుతుంది. మొదట్లో చకచకా దిగుతుంది. తర్వాత వచ్చేది ముందు దిగినదాన్ని దాటుకుని పోవాలి కదా, రద్దీ బస్సులో ఆఖర్న ఎక్కినవాడిలా. పొర రెట్టింపు కావాలంటే టైము నాలుగింతలు పడుతుంది.

"నీ నోట ఒక్క మంచిమాట రాదు కదా వదినా" అన్నాడు.

పన్నెండు గంటలు కాల్చాం. ఇరవై ఎనిమిది వచ్చింది. ఇంకొక్కసారి చూస్తాం, కుదరకపోతే వేరేవాళ్లకి ఇచ్చుకుంటాం అన్నారు కంపెనీవాళ్లు. మాకున్నది ఆ ఒక్క ఆర్డరే. అది పోతే షెడ్డు మూతే. నాకు యాభై మూడేళ్లు. ఈ పని తప్ప ఇంకోటి రాదు, నన్నెవరు పెట్టుకుంటారు?

"ఇరవై నాలుగు గంటలు పెడదాం" అన్నాను నేనే. అంతసేపు కాలిస్తే పైన పొర మందమవుతుంది గానీ, లోపల ఉక్కు పెళుసెక్కుతుందని నాకు తెలుసు. చెప్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏమో, ఈ ఒక్కసారికి గట్టెక్కుతామేమో అనుకున్నాను, సిగ్గులేకుండా.

నలభై వచ్చింది. మరిది నా కాళ్లమీద పడినంత పని చేశాడు. "నీ చెయ్యి బంగారం వదినా!"

కంపెనీ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒక కడ్డీని కోసి, పొర కొలిచి తలూపాడు. ఇంకోదాన్ని వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటిచ్చాడు. వంగాల్సిన కడ్డీ పుటుక్కున విరిగింది. మరోటి. అదీ అంతే. ఆయన సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

మరిది నేలమీద కూర్చుని ముక్కలు ఏరుతున్నాడు. పిచ్చివాడికి ఇంకా అర్థం కాలేదు.

"తప్పు నాదే వదినా. మొదటే నీ మాట వినాల్సింది. ఇకనుంచి నువ్వెంత చెబితే అంత. ఇప్పుడు ఎన్ని గంటలు పెడదాం, చెప్పు."

తప్పు నీది కాదురా, నాకు ముందే తెలుసు అనాలి.

"ఫర్నేస్ ఆపెయ్యి" అన్నాను.