బసవయ్య గారి కొర్రీలు

ఆ రోజు ఆ ఇంట్లో ఇంటాయన బసవయ్య గారు, ఆయన భార్య వెంకటరత్నమ్మ గారు, నాన్న, నేను ఉన్నాం. మేడ మీద అద్దెకిచ్చే గది ఖాళీగా ఉంది. బెజవాడలో నాకు ఇంటర్ సీటు వచ్చింది కానీ హాస్టల్లో చోటు లేదు. సోమవారం కాలేజీ తెరిచేలోగా గది దొరక్కపోతే కొల్లేటికి వచ్చేయడమే, ఇక చదువు లేదని నాన్న బస్సులోనే చెప్పాడు.

నాన్న తెచ్చిన చేపల సంచి అందుకుని వెంకటరత్నమ్మ గారు పెరట్లోకి వెళ్లారు. బసవయ్య గారు నాకేసి చూడకుండా నాన్నతో మాట్లాడారు.

"ఎనిమిదింటికి గేటు వేసేస్తాం పేరయ్యా."

"అలాగేనండి. మా పిల్ల నోట్లో నాలిక లేనిదండి. గడప దాటదు."

"చుట్టాలు రాకూడదు."

"నేనూ రానండి. గేటు బయటే నిలబడి చూసుకుని పోతాను."

ఆయన నవ్వారు. "కొర్రీ అంటే తెలుసా నీకు?"

"ఆఫీసోళ్లు పెట్టే వంకేగదండీ."

"అసలు మాట క్వెరీ. ఇంగ్లీషుది. ఫైల్లో అనుమానం వస్తే అలా రాసేవాళ్లు. గుమాస్తాల నోట్లో నలిగి కొర్రీ అయింది. నా సర్వీసులో ఏ ఫైలు మీదా కుదరదని రాయలేదయ్యా. కుదరదంటే పై ఆఫీసరు దగ్గరికి పోతారు. ఒకటి తీర్చుకొస్తే ఇంకోటి వెయ్యాలి. ఆఖరికి మనిషే రావడం మానేస్తాడు."

నాన్న మర్యాదకి నవ్వాడు. పెరట్లో చేపల పొలుసు గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"గదిలో చేపలు వండకూడదు. వాసన."

"తినడమే మానేస్తుందండి."

"ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుంది? పెద్దవాళ్లెవరైనా తోడుండాలి."

"మా అమ్మని పంపిస్తానండి."

"ఇద్దరికి నీళ్లు చాలవే."

నాన్న నాకేసి చూశాడు.

"ఆదివారం రా, ఆలోచిద్దాం," అని బసవయ్య గారు లేచారు.

నాన్న దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. "ఒప్పుకున్నట్టేనే," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"ఇంకా ఎన్ని ఉన్నాయండీ?"

"ఏంటమ్మా?"

"కొర్రీలు. అన్నీ ఇప్పుడే చెప్పేయండి. లేదంటే కుదరదని చెప్పండి. మేము ఇంకోచోట వెతుక్కుంటాం."

పెరట్లో చప్పుడు ఆగింది. ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు. తర్వాత నా భుజం మీదుగా నాన్నని చూశారు.

"నాలిక లేదన్నావే పేరయ్యా," అని తలుపు వేసేశారు.