నీ సరదా ఏమిటమ్మా?

పొద్దున్న లేచింది మొదలు మిషను తొక్కే ఆవిడని వీధిలో అందరూ టైలరమ్మ అనేవారు. బడి పిల్లల యూనిఫాంలు కుట్టడం ఆమె పని. బడులు తెరిచే రోజుల్లో ముందు గదిలో అడుగు పెట్టాలంటే బట్టల కుప్పలు జరుపుకోవాల్సిందే. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఒక్కగానొక్క కూతురు ఆరో తరగతి.

ఒక సాయంత్రం బొత్తాలు కుడుతూ కుడుతూ ఆమెకు ఒళ్ళు మండిపోయింది. భర్త డ్యూటీ ఎప్పుడో అయిపోయింది, మనిషి జాడ లేదు. ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. బస్సు అప్పగించాక డిపో వెనక విశ్రాంతి గదిలో కాసేపు క్యారమ్స్ ఆడితే గానీ అతను ఇల్లు చేరడు. మెడలో కొలతల టేపు అలాగే ఉండగా చెప్పులేసుకుని బయల్దేరింది.

ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల నవ్వులు వినిపించాయి. ఎర్ర కాయిన్ తనే వేశానని ఆమె భర్త, అది తన దెబ్బకే పడిందని ఒక ముసలి కండక్టరు చిన్నపిల్లల్లా వాదులాడుకుంటున్నారు. భర్త కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే ఆమె కోపం రెట్టింపయింది.

“ఇంట్లో నేను నడుం విరగ్గొట్టుకుంటుంటే మీకిక్కడ ఆటలా? సిగ్గనేది లేదా మీకు?” అంటూ బోర్డు మీది కాయిన్లన్నీ ఒక్క చేత్తో ఊడ్చేసింది.

డ్రైవరు వంగి, బల్లల కింద దొర్లిన కాయిన్లు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో పోసి, తలెత్తకుండా ఆమె వెంట నడిచాడు.

మర్నాటి నుంచి నేరుగా ఇంటికే. వస్తూ వస్తూ కూరగాయలు కూడా తెచ్చేవాడు. “చూశావా వదినా, ఎలా దారికొచ్చాడో” అని టైలరమ్మ పక్కింటావిడ దగ్గర గొప్పలు చెప్పుకుంది. కానీ ఇంటికొస్తున్న మనిషి వేరు. చెప్పులు విసిరేసేవాడు. కూతురి చేతిరాత కోడి గెలికినట్టుందని కసిరేవాడు. అన్నం మెత్తబడిందని కంచం తోసేసేవాడు. నాన్న అడుగుల చప్పుడు వినగానే పిల్ల పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి జారుకునేది. తల్లి దాన్ని చదువు మీద శ్రద్ధ అనుకుని మురిసిపోయింది. మనలో చాలామందిమి ఇలాగే పొరబడతాం. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే అది క్రమశిక్షణ అనుకుంటాం.

ఒక రోజు యూనిఫాంలు తీసుకెళ్ళడానికి ఒకావిడ వచ్చింది. ఆమె ముఖం పీక్కుపోయి ఉంది.

“మా మామగారు ఆసుపత్రిలో ఉన్నారండి,” అంది. “ఫలానా చోట కాస్త ఆపమని రెండోసారి అడిగారట. అంతే, ఆ డ్రైవరు నడిరోడ్డు మీద బస్సాపి దింపేశాడు. కర్ర పట్టుకుని ఆ ఎండలో నడిచి నడిచి కళ్ళు తిరిగి పడిపోయారు. నుదురు చిట్లింది. అలాంటి మనిషితో ఇంట్లోవాళ్ళు ఎలా వేగుతున్నారో పాపం.”

“ఏ బస్సండీ?” అని అడిగింది టైలరమ్మ. ఆమె చెప్పగానే చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ కూతురు తల్లి వైపే చూస్తోంది. ఏమీ ఎరగనట్టు ఊరుకుందామనిపించింది. పిల్ల కళ్ళు చూశాక ఊరుకోలేకపోయింది.

“ఆ డ్రైవరు మా ఆయనేనండి,” అంది తల వంచుకుని.

భర్త ఆ రోజు పెందలాడే వచ్చాడు. అధికారులు అతన్ని బస్సు నుంచి తప్పించి, బస్సులు బాగుచేసే షెడ్డులో పనికి వేశారు. మెట్ల మీదే కూలబడ్డాడు. “మా నాన్న వయసు ఆయనది. నాకేం పుట్టిందో నాకే తెలీదు” అన్నాడు. ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు.

ఆ పెద్దాయన ఒకప్పుడు లెక్కల మాస్టారు. నుదుటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. డ్రైవరు చేతులు జోడించాడు.

“రోజూ నీ బస్సే ఎక్కుతాను,” అన్నాడు మాస్టారు. “నేను కూర్చున్నాక గానీ బండి కదిలించేవాడివి కాదు. ఏమైంది బాబూ నీకు?”

“ఆయన్ని ఇలా చేసింది నేనండి,” అంది టైలరమ్మ. డిపోలో జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే, నలుగురిలో కాయిన్లు ఏరుకుంటున్న భర్త వంగిన వీపు కళ్ళ ముందు మెదిలింది.

“చేసిన తప్పు అతనిది. దాన్ని నువ్వు నెత్తిన వేసుకోకు,” అన్నాడు మాస్టారు. “అది సరే. నీ సరదా ఏమిటమ్మా?”

ఆమె నోరు తెరిచింది. మిషను, వంట, పిల్ల చదువు తప్ప మరొకటి గుర్తుకు రాలేదు.

“నాకు కోపం వచ్చింది ఆయన ఆలస్యానికి కాదండి,” అంది చివరికి. “ఆ నవ్వు చూసి వచ్చింది. అలా నవ్వడం నేనెప్పుడో మర్చిపోయాను.”

డ్రైవరు నేల చూపులు చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న తనెన్నడూ అడగలేదు. పెద్దాయన్ని బస్సు దింపినందుకు ఎంత సిగ్గుపడ్డాడో ఇప్పుడు అంతకు రెట్టింపు పడ్డాడు.

“తీరిక దానంతటదే రాదమ్మా. ఇద్దరూ పని పంచుకోండి, తీరికా పంచుకోండి,” అన్నాడు మాస్టారు.

డ్రైవరుకు మళ్ళీ బస్సు ఇవ్వడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా ఆదివారం సాయంత్రాలు బొత్తాలు కుట్టే పని అతను తీసుకున్నాడు. సగం వంకరగానే కుట్టేవాడు. టైలరమ్మ కూతురి సైకిలు తీసుకుని ఇంటి వెనక మైదానానికి వెళ్ళింది. చిన్నప్పుడు తొక్కిందే గానీ ఇప్పుడు హ్యాండిలు మాట వినలేదు. గడ్డిలో చతికిలబడింది. లేవబోతూ నవ్వింది. నవ్వు ఆగలేదు.

కూతురు దగ్గరికొచ్చి వింతగా చూసింది. “అమ్మా, నవ్వితే నీ బుగ్గ మీద సొట్ట పడుతుందా?”

కడుపున పుట్టిన పిల్ల ఆ సొట్టను అప్పుడే మొదటిసారి చూసింది. ఆ తల్లికి దెబ్బ తగిలినచోట నొప్పి తెలియలేదు గానీ ఆ మాటకు తల దించుకోవాల్సి వచ్చింది.

పని ఎంతైనా ఉండనివ్వండి, రోజులో కాసేపు మనసారా నవ్వుకోవడానికి మిగుల్చుకోండి. ఆ కాసేపు మనం దక్కించుకోకపోతే, దానికి శిక్ష అనుభవించేది మన కంటపడిన, ఏ పాపమూ ఎరగని మనుషులే.