సగంలో ఆగిన ఫ్లెక్సీ

ఫ్లెక్సీ యంత్రం గర్రుమని ఆగిపోగానే డెలిసా "అయిపోయింది, కాలిపోయింది" అని గుండె పట్టుకుంది. ఏదీ కాలలేదు. కంప్యూటర్ తెర మీద మాత్రం ఎర్రగా ఒక మాట వచ్చి కూర్చుంది. డిస్కులో చోటు లేదట.

"డెలిసక్కా, శవం ఇంటికొచ్చేసింది, ఫ్లెక్సీ ఇంకా రాలేదు," అన్నాడు నోలి బల్ల మీదికి వాలి. అతని మేనమామ ఇస్కో నిన్న పోయాడు. "రాత్రి శవం దగ్గర జాగారానికొచ్చే వాళ్ళకి ఇల్లు తెలీక పక్కింట్లో దూరి కాఫీలు తాగేస్తున్నారు."

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. ఈ కంగారుకి నేను పోతే నా ఫ్లెక్సీ ఎవడేస్తాడు?"

లోపల్నుంచి కూతురు జొవెలిన్ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "జరుగమ్మా, నేను చూస్తాను."

డెలిసా జరగలేదు. "నీకెందుకే, కళ్ళు పాడవుతాయి. ఆపి మళ్ళీ పెడితే అదే వస్తుంది."

"పొద్దుట్నుంచీ ఆపి పెడుతూనే ఉన్నావు. లే."

లేవక తప్పలేదు. లేచింది కానీ కుర్చీ వీపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆమె భయం ఇస్కో ఫ్లెక్సీ గురించి కాదు. పోయినసారి జొవెలిన్ నర్సు లైసెన్సు పరీక్ష రాసినప్పుడు, ఫలితాలు రాకముందే డెలిసా కూతురి బొమ్మతో అభినందనల ఫ్లెక్సీ వేసి వీధి మలుపులో కట్టించింది. ఆలూ చూలూ లేకుండానే పేరు పెట్టినట్టయింది. పిల్ల తప్పింది. నిచ్చెన వేసి ఆ ఫ్లెక్సీ విప్పుతుంటే చూసినవాళ్ళు చూశారు, నవ్వినవాళ్ళు నవ్వారు. జొవెలిన్ ఒక్క మాట కూడా అనలేదు. అదే డెలిసాను ఎక్కువ కాల్చింది. చాలా రోజుల తర్వాత నోరు విప్పి, మేరీమాత బొమ్మ ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది: ఫలితం రాకుండా ఇంకెప్పుడూ నా మొహం అచ్చువేయకు.

రేపు మళ్ళీ ఫలితాలు. నిన్న పిల్ల చర్చికి వెళ్ళిన సమయంలో డెలిసా చెయ్యి ఊరుకోలేదు. రంగు ఎలా వస్తుందో చూద్దామని మళ్ళీ కూతురి ఫ్లెక్సీ మొదలుపెట్టి, వీధిలో చెప్పుల చప్పుడు వినబడగానే సగంలో ఆపేసింది. అచ్చయిన ముక్కను బియ్యం మూట కింద దాచింది. బొమ్మను కంప్యూటర్లోంచి చెరిపేసింది. ఇంకెక్కడా ఆనవాలు లేదనే అనుకుంది.

"దొరికింది," అంది జొవెలిన్. "ఇవన్నీ టెంపరరీ ఫైళ్ళు. అచ్చువేసే ముందు ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మకీ పెద్ద నకలు తీసుకుంటుంది. పని పూర్తయితే తనే చెరిపేస్తుంది. సగంలో ఆపితేనే ఇలా మిగిలిపోతాయి." ఆగి వెనక్కి తిరిగింది. "నిన్న సగంలో ఏం ఆపావమ్మా? ఇదొక్కటే ఇంత పెద్దగా ఉంది."

గుమ్మడికాయల దొంగ అనకముందే డెలిసా భుజాలు తడుముకుంది. "నేనేం ఆపాను? కరెంటు పోయిందేమో!"

"నిన్న కరెంటు పోలేదక్కా," అన్నాడు నోలి. "సీరియల్ మొత్తం చూశాను."

డెలిసా అతనివైపు చూసిన చూపుకి ఇంకొకడైతే మాడిపోయేవాడు.

ఫైళ్ళకు పేర్లు లేవు, అన్నీ అంకెలే. అదొక్కటే ఆమెకు దక్కిన ఊపిరి. జొవెలిన్ పాతవన్నీ చెరిపింది. నిన్నటిది మాత్రం పోనంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని ఉందట. సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ తెరిచింది. తెర మీద ప్రశ్న వచ్చింది: ఆగిన పని కొనసాగించాలా?

"మాదే, మాదే! నొక్కు జొవెలిన్," అన్నాడు నోలి.

"వద్దే!" అని డెలిసా అరిచేలోపు జొవెలిన్ నొక్కేసింది.

యంత్రం కదిలింది. ఇస్కో ఫ్లెక్సీకి తెల్లటి మబ్బులు రావాలి. పసుపు వచ్చింది. యంత్రం అటూ ఇటూ నడిచిన కొద్దీ ఆ పసుపులోంచి తెల్లటి నర్సు టోపీ అంచు, దాని కింద నల్లటి జుట్టు, ఎడమ పక్కకు తీసిన పాపిట. ఈ ఇంట్లో అలా పాపిట తీసుకునేది ఒక్కతే. ఇంకో రెండు వరసలు వస్తే కళ్ళు కూడా వస్తాయి. డెలిసా ఒక్క ఉదుటున వంగి గోడలోంచి ప్లగ్గు పీకేసింది.

"అయ్యో, మా మామ!" అన్నాడు నోలి.

జొవెలిన్ ఆ పాపిట వంకే చూస్తూ నిలబడింది. అపశకునం ఎటూ జరిగిపోయింది, పిల్ల రేపు తప్పుతుంది, ఈసారి మాట్లాడటమే మానేస్తుంది, ఇల్లు వదిలి పోతుంది. అన్నీ ఒక్క క్షణంలో డెలిసా కళ్ళముందు తిరిగాయి.

జొవెలిన్ కత్తెర తీసుకుని ఆ ముక్క కత్తిరించి చుట్టి పక్కన పెట్టింది. ప్లగ్గు పెట్టింది. ఈసారి ప్రశ్నకు వద్దని చెప్పి ఆ ఫైలు చెరిపింది. ఎర్ర మాట పోయింది. కాసేపటికి మబ్బులు మొదలయ్యాయి, వాటి మధ్య ఇస్కో బట్టతల మెల్లగా పైకి తేలింది.

"ఏ ఫోటో పెట్టావు?" అంది జొవెలిన్, యంత్రం మీంచి చూపు తిప్పకుండా.

"మన రోవెనా పెళ్ళిలోది," అంది డెలిసా.

"అందులో నా మొహం పొంగిన రొట్టెలా ఉంటుంది. రేపు పాసైనవాళ్ళ జాబితాలో నా పేరొస్తే, వచ్చాకే సుమా, వేరేది పెట్టు."

డెలిసా గబగబా తలూపింది. వెంటనే కొత్త భయం పట్టుకుంది. పిల్ల 'పేరొస్తే' అని నోటితో అనేసింది! దిష్టి పోవాలంటే చెక్క మీద తట్టాలి. బల్ల మీద తట్టబోయింది, అది ప్లాస్టిక్కు. కుర్చీ ఇనుము. పరుగున వెళ్ళి వీధి తలుపు మీద టకటకా తట్టింది.

"అక్కా, తలుపు తీసే ఉంది," అన్నాడు నోలి.

"నువ్వు నోర్ముయ్," అని ఎందుకైనా మంచిదని డెలిసా ఇంకోసారి తట్టింది.