కలిపిన మాత్ర

రాజాం బజారులో నగరేశ్వరరావు నూనెల కొట్టు ముందు నిలబడితే రెండు సంగతులు కంటపడతాయి. ఒకటి, 'ఇచ్చట కలిపిన నూనె అమ్మబడదు' అన్న బోర్డు. రెండోది, దాని కింద ఎత్తరుగు మీద పరుపేసుకుని మఠం వేసుక్కూర్చున్న నగరేశ్వరరావు. అక్కడ కూర్చుంటే నూనె డబ్బాలు, కాటా, గల్లాపెట్టె, చివరికి ఎదురుకొట్లో బేరం తెగక బయటికొచ్చే మనిషి కూడా కనిపిస్తాడు. ఆ చూపులోనే సగం వ్యాపారం ఉందని ఆయన నమ్మకం.

కొడుకు విజయ్‌కుమార్‌కి ఆ అరుగంటే గిట్టదు. దాన్ని కొట్టించేసి గాజు కౌంటరు, తిరుగుడు కుర్చీ పెట్టించాలని అతని ఆశ.

"నేనీ అరుగు ఎక్కలేని రోజున కొట్టించుకోరా" అనేవాడు తండ్రి, ఆ రోజు రాదన్న ధీమాతో.

వేసవి వచ్చేసరికి ఆయన తొడలు పట్టేశాయి.

సంగతేమిటంటే, ఆయనకు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టరు జగన్నాధం ఎప్పుడో ఒక మాత్ర రాశాడు. మాత్ర వేసినా, గారెలు మానేసినా అది తగ్గాల్సినంత తగ్గలేదు. అందుకని ఈమధ్యే మాత్ర మార్చాడు.

"కొవ్వు మీ ఒంట్లోకి రెండు దారుల్లో వస్తాదండి. కాలేయం తయారుచేస్తాది, తిన్నదాంట్లోంచి పేగులు లాగుతాయి. ఇందులో ఒక మందు తయారీని తగ్గిస్తాది, ఇంకోటి పేగుల దగ్గర అడ్డుకుంటాది. మీ పాత మందు కూడా ఇందులో కలిసే ఉన్నాది" అని చెప్పాడు.

మిల్లుకి ఒక తాళం, చెక్‌పోస్టుకి ఒక తాళం అని నగరేశ్వరరావు తన భాషలోకి మార్చుకున్నాడు. లెక్క నచ్చింది. 'కలిసే ఉన్నాది' అన్న మాటే నచ్చలేదు. వేరుశెనగ నూనెలో పామాయిలు కలిపి అమ్మే ఎదురుకొట్టువాడు వేరుశెనగ ఎంత పోస్తాడో ఆయనకి తెలియదా? వాసన రావడానికి పోస్తాడు. కలిపిన సరుకులో అసలు సరుకు పేరుకే ఉంటుంది. మాత్రలు చేసేవాడు మాత్రం వ్యాపారి కాడా?

అందుకని ఆ లోటు తానే పూడ్చుకున్నాడు. మిగిలిన పాత మాత్రల అట్టలు గల్లాపెట్టెలో దాచి, పొద్దున్న కొట్లో పాతది, రాత్రి ఇంట్లో భార్య మహాలక్ష్మమ్మ చేతికిచ్చిన కొత్తది వేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. మంచి బేరం కుదిరినవాడు ఊరంతా చాటుకోడు కదా.

సంతరోజున ఎండుచేపలమ్మే చిన్నతల్లి ఖాళీ సీసాతో వచ్చింది. నగరేశ్వరరావు అరుగు మీంచి లేవబోయి, అబ్బా అని కూలబడ్డాడు.

"ఏటి సావుకారూ, పరుపు అంటుకుపోనాదా?"

"కాలు తిమ్మిరెక్కిందే. ఆ గరాటా ఇలాగందుకో."

"కొవ్వుకి మందు మింగుతన్నావట! సేపముక్క ముట్టని నీకు కొవ్వేటి, రోజూ సేప తినే నాకు లేకపోడమేటి? దేవుడు కూడా మీ బజారోడేనేటి, తూకం తప్పేసినాడు!"

ఆవిడ నవ్వుకి లోపల్నుంచి విజయ్‌కుమార్ వచ్చాడు. తండ్రి లేవలేకపోవడం చూశాడు. సాయంత్రానికి కొట్లోకి ఒక కుర్చీ వచ్చింది. మర్నాడు వడ్రంగి వచ్చి టేపుతో అరుగు కొలుచుకున్నాడు.

నగరేశ్వరరావుకి సంగతి అర్థమైంది. నడవలేడని తెలిస్తే ఇంట్లో కూర్చోబెడతారు. ఇంట్లో కూర్చుంటే ఎదురుకొట్టు కనబడదు.

"ఈ మాత్రల వల్లేనే. ఇవి మొదలెట్టాకే తొడలు పట్టేశాయి. రేపట్నుంచి అన్నీ మానేస్తాను" అన్నాడు భార్యతో.

"మానడం, మానకపోడం సెప్పాల్సింది డాక్టరుగారు. మీరు నూనె సంగతి సెప్పండి సాలు" అని ఆవిడ ఆటో పిలిచింది.

డాక్టరు కాళ్ళు నొక్కి చూశాడు. "మూత్రం రంగు ముదిరిందా? జ్వరమేమైనా?"

"అదేం లేదండి."

"మీరు వేస్తన్న మాత్రలన్నీ బల్ల మీద పెట్టండి."

మహాలక్ష్మమ్మ కొత్త మాత్రల అట్ట పెట్టింది. నగరేశ్వరరావు పైకప్పు చూస్తూ, గల్లాపెట్టెలోంచి తెచ్చి జేబులో వేసుకున్న పాత అట్ట తీసి పక్కన పెట్టాడు.

"అదేటండీ!" అంది ఆవిడ.

"కలిపిందాంట్లో అసలు సరుకు తక్కువుంటాదని... పైన కొంచెం పోశాను."

డాక్టరుకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "రెండట్టల వెనకా అంకెలు సదవండి."

నగరేశ్వరరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. పాతదాని మీద ఇరవై మిల్లీగ్రాములు. కొత్తదాని మీద రెండు పేర్లు, పాత మందు పేరు ఎదురుగా మళ్ళీ ఇరవై.

"పూర్తి తూకమే!" అన్నాడు, ఎవరో తనను మోసం చెయ్యనందుకు నొచ్చుకున్నట్టు.

"పూర్తి తూకమే. దాని మీద మీరు ఇంకో ఇరవై పోశారు. తొడలు నొప్పెట్టవేటండి మరి? ఇంకా ముదిరితే కండ దెబ్బతిని కిడ్నీ దాకా పోయేది. నొప్పి రాగానే నాకు సెప్పాల. మీ అంతట మీరు కలపకూడదు, మానకూడదు."

రక్తపరీక్ష రాసి, రిపోర్టు వచ్చేదాకా రెండు మాత్రలూ ఆపమన్నాడు. కండకి, కాలేయానికి భయం లేదని తేలాక, నొప్పులు సర్దుకున్నాక, కలిపిన మాత్ర ఒక్కటే మళ్ళీ మొదలుపెట్టించాడు. గల్లాపెట్టెలో మిగిలిన పాతవి మహాలక్ష్మమ్మ భర్తని అడిగి తీసుకుంది. ఆయన చేతికి మళ్ళీ దొరక్కూడదని ఆవిడ పట్టుదల.

తర్వాతి పరీక్షలో కొలెస్ట్రాల్ డాక్టరు కోరుకున్న చోటికి దిగింది. ఆ రోజు నగరేశ్వరరావు కొట్టుకొచ్చి, కొడుకు చూస్తుండగా ఒక్క ఊపున అరుగెక్కి మఠం వేసుక్కూర్చున్నాడు.

"వడ్రంగికి కబురెట్టెయ్, రానక్కర్లేదని."

"మరి కుర్చీ నాన్నా?"

అప్పుడే చిన్నతల్లి సీసాతో మెట్టెక్కుతోంది. "కుర్చీ ఆవిడకెయ్యి" అన్నాడు తండ్రి.

సంగతంతా విని చిన్నతల్లి కుర్చీలో దర్జాగా కూర్చుని బోర్డు కేసి చూసింది. "బాగానే ఉన్నాది! నువ్వు కలిపింది మింగి, మాకు కలపంది అమ్ముతావేటి?"

"ఆ మాత్ర కలిపినోడు తూకం రాసి మరీ కలిపేడే" అన్నాడు నగరేశ్వరరావు, ఎదురుకొట్టు కేసి ఓ కన్నేసి. "ఆ ఎదురోణ్ణి కూడా డబ్బా మీద అలా రాయమను, సూద్దాం!"