పాలు పడాలని తాగిన కల్లు

నేను ఒక స్టీలు గ్లాసును. రేకుగా పుట్టి, యంత్రం ఒక్క గుద్దు గుద్దితే గ్లాసునయ్యాను. గంగమణి మేనమామ నన్ను కామారెడ్డిలో కొని, నా మీద ఆమె పేరు కొట్టించి పెళ్లికి చదివించాడు. మనుషులు గిన్నెల మీద భద్రంగా పేర్లు చెక్కించుకుంటారు. పోతే గిన్నెలే పోతాయని వాళ్ల నమ్మకం.

గంగమణి బీడీలు చుట్టేది. భర్త రాజలింగం భివండీలో మగ్గాల మీద పనిచేస్తూ ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉండేది ఆమె, అత్త సాయవ్వ. పొద్దంతా చేట ఒళ్లో పెట్టుకుని వంగిన నడుములకు సాయంత్రమైతే సర్కారు లైసెన్సు డిపోలో అమ్మే సీసా కల్లు పడాల్సిందే. ఆ ఊళ్లో దాన్నెవరూ తాగుడు అనరు.

కడుపుతో ఉన్నప్పుడు వాసన గిట్టక గంగమణి మానేసింది. ఆడపిల్ల పుట్టింది. పాలు సరిగా పడలేదు. పిల్ల ఏడుపుకు తనూ ఏడుస్తుంటే సాయవ్వ నన్ను నింపి తెచ్చింది.

"తాగు బిడ్డా. కల్లు తాగితెనే పాలు పడ్తయి. నీ మొగుణ్ణి నేను గిట్లనే సాదిన."

ఆమె అబద్ధమాడలేదు. కానీ ఆమె తాగింది చెట్టు కల్లు. డిపో సీసాలో వచ్చేది నీళ్లూ, ఏదో మత్తు పొడీ. నా అడుగున మిగిలే తెల్లటి మడ్డిని వేలితో తోమేవారే గాని, అదేమిటని ఎవరూ అడగలేదు.

పిల్ల ఏడుపు మానేసింది. పాలు తాగుతూ తాగుతూనే నిద్రపోయేది. "మా లచ్చిమి బంగారం. తల్లిని పని చేసుకోనిస్తది," అని సాయవ్వ వాడంతా చెప్పుకుంది. గంగమణి మురిసిపోయింది. నన్ను మళ్లీ నింపుకుంది.

టీకా వేయడానికి వచ్చిన నర్సమ్మ సూది గుచ్చితే పిల్ల మూలిగి ఊరుకుంది.

"సూది గుచ్చినా ఏడుస్తలేదేందమ్మా? కల్లు తాగుతున్నవా?"

గంగమణి నన్ను చేట వెనక్కి జరిపింది.

"నువ్వు తాగింది పాలల్ల పోతది. పిల్ల మత్తుల ఉంది. ఇయ్యాల్నే పెద్ద దవాఖానకు పోండ్రి. నువ్వు గూడ ఒక్కసారే బంద్ చెయ్యకు, డాక్టర్ మందులిస్తడు."

దవాఖానలో అందరి ముందూ తిడతారని గంగమణి వెళ్లలేదు. తనంతట తనే మానేసింది. తర్వాతి రోజుకే చేతులు వణికి బీడీ ఆకు చిరిగిపోయింది. గోడతో మాట్లాడింది. మధ్యాహ్నం కింద పడి కొట్టుకుంది. భయపడ్డ సాయవ్వ నన్ను ఆమె నోటికి ఆనించింది. మొదట గంగమణి తోసేసింది. రెండోసారి తనే రెండు చేతులా పట్టుకుని తాగింది. వణుకు తగ్గింది. పక్కన పిల్ల ఆకలికి ఏడుస్తోంది. చాలా రోజులకు విన్న ఏడుపు అది.

గంగమణి పిల్లను రొమ్ముకు వేసుకుంది. ఇదివరకు తెలియక ఇచ్చింది. ఇప్పుడు తెలిసి ఇచ్చింది. ఆమె కన్నీళ్లు పిల్ల చెంప మీద పడుతుంటే కొంగుతో తుడుస్తూనే ఇచ్చింది.

ఆ వారంలోనే పిల్ల రొమ్ము పట్టడం మానేసింది. ఎంత తట్టినా కళ్లు తెరవలేదు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. సాయంత్రం తెల్లగుడ్డలో తెచ్చారు.

పాలు మాత్రం ఆగలేదు. అప్పుడు పడని పాలు ఇప్పుడు రవిక తడిపేశాయి. రొమ్ములు రాళ్లయి నొప్పికి ఓర్వలేక ఒక ఉదయం గంగమణి నన్ను దగ్గరకు లాక్కుంది. నాలోకి పిండింది. వెచ్చగా అంచుదాకా నిండాను.

"అత్తా, గీ పాలు యాడ పొయ్యాలె?"

సాయవ్వ నన్ను అందుకుని వాకిట్లోకి నడిచింది. అటు చూసింది, ఇటు చూసింది. ఎక్కడా పోయలేక తిరిగొచ్చి కోడలి ముందే పెట్టింది.

ఇద్దరూ నన్ను ముట్టలేదు. పొద్దు గూకింది. డిపో నుంచి సీసా వచ్చింది. సాయవ్వ ఇంకో గ్లాసు కడిగింది.