కదలని గుర్రం

పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే సుకన్య చూస్తూనే నిలబడింది. వాకిట్లో భర్త నరేందర్ బండి ఆగిన చప్పుడు వింటే ఆమె చేతులు ఉన్నచోటనే ఆగిపోతాయి. పదకొండేళ్లుగా అంతే. "సూస్తనే నిలబడ్డవ్. నీ మెదడు పని జేస్తలేదే" అన్నాడు అతను లోపలికొచ్చి. అత్త రేణుకమ్మ మాత్రం వేల్పూర్‌లో పసుపు ఉడకబెట్టే ఆడవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది: ఎంత తిట్టినా నిలబడ్డచోటి నుంచి కదలదు, మా కోడలు బంగారమని.

ఇలా బిగుసుకుపోవడం ఎందుకో తెలుసుకోవడానికి నిజామాబాద్‌లో పరీక్షలన్నీ చేయించారు. ఏ రిపోర్టులోనూ లోపం కనబడలేదు. డాక్టరు ఆమెను ఎడపల్లి దగ్గర గుర్రాల సాయంతో మానసిక చికిత్స చేసే ఉదయశ్రీ దగ్గరికి పంపాడు. "మనుషులతోని కానిది గుర్రంతోని అయితదా?" అని నరేందర్ నవ్వాడు. అయినా ప్రతి శనివారం తనే తీసుకొచ్చేవాడు. ఉదయశ్రీ అతన్ని కాలువ గట్టు మీద కూర్చోమనేది. తిరుగుదారిలో, రెండు వైపులా చెరుకు తోటలు ఎత్తుగా నిలిచిన చోట, బండి నెమ్మది చేసి ఉదయశ్రీ ఏమడిగింది, నువ్వేమన్నావని ఒక్కో మాటా రాబట్టేవాడు. అందుకే, ఇంట్లో భయంగా ఉంటుందా అని ఉదయశ్రీ అడిగిన మూడుసార్లూ సుకన్య "ఏం లేదు మేడం" అనే చెప్పింది.

నాలుగో శనివారం ఆమె రాణి మెడను బ్రష్షుతో దువ్వుతోంది. బోధన్ పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి పెళ్లికొడుకులను మోసిన ముసలి ఆడగుర్రం అది. గుర్రానికి మనసు చదివే మహిమలేవీ లేవని ఉదయశ్రీ మొదటిరోజే చెప్పింది. అడుగుల చప్పుడు, ఊపిరి, ఒంటి బిగువు, అది గమనించేవి ఇవే.

గట్టు మీద విసుగెత్తిన నరేందర్ బండిని కంచె దాకా తెచ్చి హారన్ మోగించాడు.

రాణి కదలలేదు. సుకన్య అరచేతి కింద దాని కండరం మాత్రం రాయిలా బిగిసిపోయింది. కనుగుడ్లు తెల్లగా తేలాయి.

"సూసిన్రా, ఇంచు గూడ కదల్లే" అన్నాడు రాణిని చూసుకునే లక్ష్మీరాజం మురిసిపోతూ. "బ్యాండు మోగని, పటాకులు పేలని, గిట్లనే నిలబడేది. గింత సాధు గుర్రం ఇంకోటి లేదని పెండ్లోళ్లు దీన్నే అడుగుతుండె."

"అది సాధుగుణం కాదు లక్ష్మీరాజం గారూ. పారిపోవడానికి దారి లేదని నేర్చుకున్న గుర్రం అలా నిలబడుతుంది" అంది ఉదయశ్రీ.

సుకన్య తన చేతిని చూసుకుంది. బ్రష్షు గాలిలో ఆగి ఉంది. ఊపిరి కూడా ఆగిందని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ అత్త బంగారం అన్నది దీన్నే.

"అయిపోయిందా?" కంచె మీదికి వంగి నవ్వుతూ అడిగాడు నరేందర్. "ఏమంటున్నది నీ గుర్రం?"

చెరుకు తోటల మధ్య దారి సుకన్య కళ్లముందు కదిలింది. మెల్లగా రాణి మెడతాడు విప్పింది. అది కాసేపు నమ్మలేనట్టు నిలబడి, ఒక అడుగు వేసి, మరొకటి వేసి, కంచెకు దూరంగా ఆవలి మూలకు నడిచిపోయింది.

"మేడం, మీరు భయమైతదా అని అడిగిన్రు గద. మూడుసార్లూ అబద్ధం జెప్పిన."

నరేందర్ నవ్వు ఆగింది. "సుకన్యా, బండెక్కు."

"ఎక్క" అందామె. ఈసారి చేతులు ఆగలేదు. అవి రాణి మెడతాడును చుట్టలు చుట్టి కంచె కొయ్యకు తగిలించాయి.